దవడ వాపు వెనక దాగిన వైరస్

ఐర్లండ్‌లో 1911లో పుట్టిన డెనిస్ బర్కిట్‌కు 11వ ఏటే ఒక కన్ను పోయింది. అయినా సర్జన్ అయ్యారు. ఉగాండాలోని కంపాలాలో పనిచేస్తుండగా, 1957లో ఆయన ముందుకు ఐదేళ్ల బాబు వచ్చాడు. దవడలు రెండువైపులా వాచి ముఖమే మారిపోయింది. కొద్ది వారాలకే వేరే ఊళ్లో అలాంటి బిడ్డే కనిపించింది. ఆపరేషన్ చేసినా అలాంటి పిల్లలు దక్కేవారు కాదు.

జబ్బు ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడానికి 1961లో ఇద్దరు డాక్టర్ మిత్రులతో పాత కారులో ఆఫ్రికాలో సుమారు 16 వేల కిలోమీటర్లు తిరిగారు. వేడి, వానలు, మలేరియా ఎక్కువున్న ప్రాంతాల్లోనే అది కనిపించింది. ఆ ఏడాదే లండన్‌లో ఆయన ప్రసంగం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, ఆ గడ్డల ముక్కలు తెప్పించుకుని పరీక్షించారు. 1964లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ బయటపడింది.

లాలాజలం ద్వారా సోకే ఈ వైరస్ పెద్దవాళ్లలో పదింట తొమ్మిదిమందిలో ఉంటుంది. దాదాపు అందరిలోనూ జీవితాంతం నిద్రాణంగానే ఉండిపోతుంది. అయితే పదేపదే మలేరియా వచ్చే పిల్లల్లో రోగనిరోధక శక్తి పట్టు సడలి, వైరస్ సోకిన తెల్లరక్తకణాలు విపరీతంగా పెరుగుతాయి. వాటిలో జన్యువులు తారుమారైతే క్యాన్సర్‌గా మారతాయి.

రేడియేషన్ సదుపాయం లేకపోవడంతో బర్కిట్ మందులనే నమ్ముకున్నారు. కొద్ది డోసులకే కొందరిలో గడ్డలు కరిగిపోయాయి, కొందరు పూర్తిగా కోలుకున్నారు. క్యాన్సర్‌ను మందులతోనే నయం చేయవచ్చన్న నమ్మకానికి అది బలమిచ్చింది.

బర్కిట్ 1993లో కన్నుమూశారు. ఆయన పేరుతో పిలిచే బర్కిట్ లింఫోమా చాలా వేగంగా పెరుగుతుంది. సకాలంలో పూర్తి కీమోథెరపీ అందితే మాత్రం ఎక్కువమంది పిల్లలకు నయమవుతుంది. అందుకే పిల్లల దవడలో, పొట్టలో వాపు రోజురోజుకూ పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.