వెలుగుతో వైద్యం చేసిన ఫిన్సెన్

నీల్స్ ఫిన్సెన్ 1860లో ఫారో దీవుల్లో పుట్టి, కోపెన్‌హాగన్‌లో డాక్టరీ చదివాడు. రక్తహీనతతో ఎప్పుడూ నీరసం. ఉండే ఇల్లేమో ఉత్తరముఖం. ఎండ తగిలితే బాగుపడతానేమో అనిపించి, కాంతి గురించి ఆరా తీయడం మొదలుపెట్టాడు.

ముఖాన్ని తినేసే చర్మక్షయకి కార్బన్ ఆర్క్ దీపం వెలుగుతో చికిత్స చేశాడు. రక్తం కాంతిని లోపలికి పోనివ్వదు కదా, అందుకని చర్మాన్ని అద్దంతో నొక్కిపట్టి రక్తాన్ని పక్కకి తప్పించేవాడు. అచ్చం ఇంజనీరు బుర్ర!

1903లో నోబెల్ వచ్చేసరికి చక్రాల కుర్చీలో ఉన్నాడు, స్టాక్‌హోమ్ వెళ్లలేకపోయాడు. మరుసటేడే 43 ఏళ్లకి పోయాడు.

ఇప్పుడు కొన్ని నోటి క్యాన్సర్లకి ముందు మందు ఎక్కించి, అది కణితిలో చేరాక ఎర్ర లేజర్ వేస్తారు. వెలుగు తగిలితేనే ఆ మందు కణాలని చంపుతుంది. ఇక్కడా అదే తంటా, కాంతి సెంటీమీటరు లోతు దాటడం కష్టం. పైగా ఆ మందు పడ్డ రోగి కొన్నాళ్లు ఎండలోకి రాకూడదు.