జంషెట్జీ టాటా కార్యదక్షత

టాటా అనగానే ఉక్కు కర్మాగారమును, జలవిద్యుత్తును తలంచుట మనకు పరిపాటి. కాని వానికి మూలపురుషుడైన జంషెట్జీ టాటా ఆ రెంటిలో దేనినిగూడ కన్నులార చూడలేదు. ఆయన పోయిన తరువాత అవి యెట్లు నెరవేరెను? దీనికి సమాధానము నాగపురమునందలి యొక బట్టలమిల్లులో లభించును.

జంషెట్జీ 1839 మార్చి 3వ తేదీన గుజరాతునందలి నవసారిలో పారశీ పురోహితుల వంశమున జన్మించిరి. బొంబాయిలో విద్య ముగించి తండ్రిగారి వర్తకమున ప్రవేశించిరి. నాటి మిల్లు యజమానులలో పెక్కురు బొంబాయినే నమ్ముకొనియుండగా, ఆయన ప్రత్తి పండు నాగపురము నెన్నుకొనిరి. 1877 జనవరి 1న అచట ఎంప్రెస్ మిల్లు ప్రారంభమయ్యెను.

దాని నిర్వహణమును ఆయన బెజన్జీ మెహతా కప్పగించిరి. మెహతా రైల్వేలో పనిచేసినవాడే గాని మిల్లుపని యెరుగడు. అయినను మనుష్యులను నడుపుటయు, లెక్కలు చూచుటయు తెలిసినవాడు. యంత్రముల భారము బ్రూక్స్‌బీ అను ఆంగ్లేయ నిపుణునిది. ఎవరి పని వారికి విడిచి, ఫలితమును మాత్రము జంషెట్జీ శ్రద్ధతో పరిశీలించెడివారు. లాంకషైరువారే సందేహించుచున్న రింగు కదుళ్లను ముందుగా పరీక్షించి చూచి, పిమ్మట మిల్లంతట ప్రవేశపెట్టిరి. కార్మికులు తరచు పనికి రాకుండుట గొప్ప చిక్కయ్యెను. జరిమానాలతో అది తీరదని గ్రహించి, గదులలో గాలివెలుతురులను మెరుగుపరచి, హాజరునకు బహుమానములిచ్చి, 1886లో పింఛను నిధిని, 1895లో ప్రమాద పరిహారమును ఏర్పరచిరి.

ఈ పద్ధతికి అసలైన పరీక్ష స్వదేశీ మిల్లుతో వచ్చెను. 1886లో కుర్లాలో కొన్న ఆ పాత మిల్లు యంత్రములు శిథిలములు. వాటాల ధర పడిపోయెను. బ్యాంకు అప్పీయ నిరాకరించెను. ఇరువది యేండ్లుగా కూర్చుకొన్న పరపతి యంతయు కూలు సమయమది. జంషెట్జీ తన ఎంప్రెస్ వాటాలలో కొన్నింటి నమ్మి ఆ సొమ్ము నిందు పెట్టిరి. సొమ్మొక్కటే చాలదని యెరిగి, నాగపురమున ఆరితేరిన పనివారిని కుర్లాకు రప్పించిరి. కొన్నియేండ్లకు ఆ మిల్లు నిలద్రొక్కుకొనెను. సమర్థులు తరలిపోయినను నాగపురములో పని కుంటుపడలేదు. వారి వెనుక తర్ఫీదైనవారు మరికొంద రుండిరి.

వ్యవహారములు పెరిగినకొలది ఆయన తాను చూడవలసిన పనులను తగ్గించుకొని, చూడగలవారిని పెంచుకొనిరి. 1902లో అమెరికాకు పోయి ఉక్కు నిపుణుడు పెరిన్‌ను కుదుర్చుకొనిరి. 1904 మే 19న జర్మనీలో దివంగతులైరి. అప్పటికి ఉక్కు, విద్యుత్తు, విజ్ఞాన సంస్థ మూడును కాగితములపైనే యున్నవి. కుమారుడు దొరాబ్జీయు, సహచరులును పూనుకొనగా, 1909లో బెంగుళూరున విజ్ఞాన సంస్థ నెలకొనెను. 1912లో సాక్చిలో ఉక్కు పోతపోసిరి. 1915లో బొంబాయికి జలవిద్యుత్తు వచ్చెను.

అధికారి సెలవులో నున్నపుడు కచేరీ యెట్లు నడచుచున్నదో చూచినచో ఆ అధికారి సామర్థ్యము తెలియునని ఉద్యోగులమైన మన మెరుగనిది కాదు. జంషెట్జీ శాశ్వతముగా సెలవు తీసికొన్న పిదప ఆయన పని మరింత వేగముగా సాగినది.