చర్మవ్యాధికి దారి చూపిన తెలుగుబిడ్డ



ఒంటిమీద ఎర్రని మచ్చలు లేచి, వాటినుండి తెల్లని పొలుసులు రాలుతుంటే మీరేమి చేస్తారు? మన కేసముద్రం వంటి ఊళ్లలో కొందరు నిండుచేతుల చొక్కాతో వాటిని దాచుకుంటారు. పెళ్లిళ్లకు, పూజకు వెళ్లడం మానేస్తారు. కుష్ఠు అనుకుని ఇరుగుపొరుగు దూరం జరుగుతారు. అది కుష్ఠు కాదు, అంటువ్యాధి కాదు. దాని పేరు సోరియాసిస్. అది ముదిరినప్పుడు వైద్యులు వాడే మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆ మందు వెనుక ఒక తెలుగువాని జీవితం ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో బీద కుటుంబంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, చివరకు ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి పట్టాతో సరిపెట్టుకున్నారు. తిన్నది ఒంటికి పట్టనీయని స్ప్రూ వ్యాధి ఆయన అన్న పురుషోత్తంగారిని బలితీసుకుంది. ఆ దుఃఖం ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

తరువాత అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. పొట్టకూటికి రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. 1930లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. పొందారు. 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నను చంపిన స్ప్రూ వ్యాధికి అది మందయింది.

మన ఒంట్లో కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దాని పనికి అడ్డుపడే పదార్థాలను కూడ ఆ బృందమే తయారుచేసింది. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అలా వచ్చినవే. అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సర్ కొంతకాలం తగ్గుతుందని 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లోకానికి చూపారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏళ్లకు కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రాలేదు. భార్య శేషగిరిగారిని మళ్లీ చూడలేదు.

1951లో కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇచ్చిన వైద్యులు సోరియాసిస్ మచ్చలు కూడ మాయమవడం గమనించారు. తరువాత మెథోట్రెక్సేట్ ఆ స్థానంలోకి వచ్చింది. చర్మానికి వచ్చే కొన్ని లింఫోమా క్యాన్సర్లకు కూడ దానిని వాడుతున్నారు.

అయితే ఒక హెచ్చరిక. సోరియాసిస్‌కు ఈ మందును వారానికి ఒక్కసారే ఇస్తారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. గర్భిణులు వాడకూడదు. రక్తానికి, కాలేయానికి పరీక్షలు చేయిస్తూ ఉండాలి. దుష్ఫలితాలు తగ్గడానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇస్తారు. అడ్డుపడే మందు, ఆదుకునే మందు రెండూ ఆయన పరిశోధనశాలవే! కనుక దుకాణంలో అడిగి కొనకండి, డాక్టరు చెప్పినట్లే వాడండి.

సుబ్బారావుగారు క్రైస్తవుడు కారు. అయినా రోగుల పట్ల ప్రేమను దేవుడు ఆయన హృదయంలో నాటాడు. క్రీస్తు ప్రభువు కుష్ఠరోగిని చేయి చాపి తాకి స్వస్థపరచారు. వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మన్నారు. దాచుకొమ్మనలేదు. మీ ఇంట్లో ఎవరికైనా పొలుసులు రాలినా, స్పర్శ లేని మచ్చ వచ్చినా, పుండు మానకపోయినా, పుట్టుమచ్చ రంగు మారి పెరిగినా వెంటనే చర్మవైద్యునికి చూపించండి. వచ్చే ఆదివారం గుడిలో అటువంటి సోదరుడు కనిపిస్తే పక్కకు జరగకండి. ఆయన పక్కనే కూర్చోండి.