విక్రమ్ సారాభాయి: బాలుర యేకాగ్రత, టెలివిజను

ఒకప్పుడు ఆవిరి యింజనుల షెడ్డుకు పేరొందిన మన బిట్రగుంటలోని బాలబాలికలకు ఈ మహనీయుని చరిత్రమును ఒక యింజను కథతో చెప్పనారంభించుట యుక్తము. 1919వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదున అంబాలాల్, సరళాదేవి దంపతులకు జన్మించిన విక్రమ్ సారాభాయి, చిన్ననాడే ఇద్దరు ఇంజనీర్ల సాయముతో నిజముగా నడచు చిన్న రైలుయింజను నొకదానిని చేసెను. అంతటి యేకాగ్రత ఊరక వచ్చునది కాదు. తల్లి తన బిడ్డలకొరకు ఇంటనే మాంటిస్సోరీ పద్ధతిని పాఠశాల నెలకొల్పి యుండెను. చేతిపనిలో లీనమైన బిడ్డను నడుమ కదలింపరాదనుట ఆ పద్ధతికి ప్రాణము.

కేంబ్రిడ్జిలో విద్యాభ్యాసము, బెంగుళూరున రామన్ పండితుని యొద్ద విశ్వకిరణ పరిశోధనము, 1947లో అహమ్మదాబాదున భౌతిక పరిశోధనాలయ స్థాపనము, 1963లో తుంబనుండి తొలి రాకెట్టు ప్రయోగము: ఇవి పలువు రెరిగినవే. మన తీరముననే యున్న శ్రీహరికోటను రాకెట్టు కేంద్రమునకై 1969లో ఎన్నుకొన్నదియు ఆయన నాయకత్వముననే.

పేద దేశమునకు టెలివిజను విలాసమని పలువురు తలచుచుండగా, మంచి బోధన యందని పల్లెలకే అది ముందు కావలెనని సారాభాయిగారు తలచిరి. ఉపగ్రహముద్వారా పాఠములు పంపుటకు 1969లో అమెరికాతో ఒడంబడిక జరిగెను. కాని 1971 డిసెంబరు 30న, తమ యేబదిరెండవ యేట, కోవళమున ఆయన మరణించిరి. తలచిన కార్యమును కన్నులార చూడలేదు.

ఆ ప్రయోగము 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము నడచెను. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు. అందు మన తెలుగు పల్లెలును గలవు. ఊరికొక్క పెట్టె. ఉదయమున తెలుగు పిల్లలకు కేటాయించినది ఇరువదిరెండు నిమిషములు మాత్రమే. పిల్లల భాషయు, తెలిసికొనవలెనను ఆసక్తియు వృద్ధిపొందెనని పరిశీలకులు కనుగొనిరి. పరీక్షల మార్కులలో మాత్రము చెప్పదగిన భేదము కానరాలేదట!

నేటి యిండ్లలో పెట్టె ఆగుట యెప్పుడు? 2004లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధనము, ఒకటి మూడు ఏండ్ల ప్రాయమున టెలివిజను అధికముగా చూచిన శిశువులకు ఏడేండ్లనాటికి మనసు నిలుపుట కష్టమగుటకు సంబంధము కలదని చెప్పెను. అది కారణమే యని నిశ్చయింపరాదని తరువాతివారు కొందరు వాదించిరి. ఆ వాద మెట్లున్నను, ఊరంతయు గూడి చూచిన ఇరువదిరెండు నిమిషములకును, ఒంటరిగా గంటలకొలది చూచుటకును పోలిక లేదని నా యభిప్రాయము.

సారాభాయిగారు టెలివిజను నొక్కదానినే నమ్మినవారు కారు. అహమ్మదాబాదున వారు స్థాపించిన ప్రజావిజ్ఞాన కేంద్రమున బాలురు పరికరములను తాకి, తామే ప్రయోగములు చేసి చూచుటకు వీలు కల్పించిరి. ఆ కేంద్రము నేటికిని వారి పేరనే నడచుచున్నది.