నక్షత్రాల ఆధారంతో నేలను కొలిచిన డేవిడ్ థాంప్సన్

ఉత్తర అమెరికా పశ్చిమ భూభాగాన్ని కచ్చితమైన కొలతలతో పటంపైకి ఎక్కించిన వారిలో అగ్రగణ్యుడు డేవిడ్ థాంప్సన్. బొచ్చుతోళ్ల వర్తకం ఆయనకు జీవనోపాధి కాగా, భూమిని కొలవడం జీవితాశయమైంది.

1770 ఏప్రిల్ 30న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్‌లో జన్మించిన థాంప్సన్, రెండేళ్లు నిండకముందే తండ్రిని కోల్పోయారు. పేద పిల్లల పాఠశాలలో గణితం, నౌకాయాన విద్య అభ్యసించారు. 1784లో, 14వ ఏట హడ్సన్స్ బే కంపెనీలో చేరి, నేటి కెనడాలోని చర్చిల్ స్థావరానికి పయనమయ్యారు. ఐరోపాలో టోపీల తయారీకి బీవర్ తోళ్లకు విపరీతమైన గిరాకీ ఉన్న కాలమది.

1788లో కాలు విరగడంతో ఆయన చాలాకాలం కదలలేకపోయారు. ఆ విరామం మేలే చేసింది. సర్వేయర్ ఫిలిప్ టర్నర్ వద్ద, సూర్యచంద్రులను, నక్షత్రాలను పరిశీలించి అక్షాంశ రేఖాంశాలను గణించే విద్యను నేర్చుకున్నారు. అయితే ఆ రోజుల్లోనే ఒక కంటి చూపు పోయింది.

1797లో ప్రత్యర్థి సంస్థ నార్త్‌వెస్ట్ కంపెనీలో చేరారు. 1799లో స్కాటిష్ వర్తకుడికి, క్రీ తెగ మహిళకు జన్మించిన షార్లెట్ స్మాల్‌ను వివాహమాడారు. వారికి 13 మంది సంతానం. అనేక యాత్రల్లో ఆమె భర్త వెంట నడిచారు.

1807లో రాకీ పర్వతాలను దాటి కూటెనే తెగతో వర్తకం ప్రారంభించారు. తమ ప్రత్యర్థులకు తుపాకులు చేరడం పీగన్ తెగకు సమ్మతం కాలేదు. వారు దారి అడ్డగించడంతో, 1811 జనవరిలో గడ్డకట్టే చలిలో ఉత్తరాన ఉన్న అథబాస్కా కనుమ గుండా పర్వతాలు దాటారు. ఆ జూలైలో కొలంబియా నదీముఖానికి చేరేసరికి, అమెరికా వర్తకుడు జాన్ జాకబ్ ఆస్టర్ మనుషులు అప్పటికే అక్కడ కోట కట్టుకున్నారు.

1812లో పశ్చిమ ప్రాంతాన్ని వీడి, 1814 నాటికి బృహత్ పటాన్ని పూర్తిచేశారు. అనంతరం దాదాపు పదేళ్లు అమెరికా సరిహద్దు సర్వేలో పనిచేశారు. వ్యాపార నష్టాలు, అప్పులు వృద్ధాప్యంలో ఆయనను కుంగదీశాయి. కొలత పరికరాలను సైతం అమ్ముకోవలసి వచ్చింది. చూపు క్షీణించి స్వీయచరిత్ర అసంపూర్ణంగా మిగిలింది.

1857 ఫిబ్రవరి 10న మాంట్రియల్ సమీపంలోని లాంగ్యూయిల్‌లో పేదరికంలోనే కన్నుమూశారు. మూడు నెలలలోపే షార్లెట్ కూడా మరణించారు. భూగర్భ శాస్త్రవేత్త జోసెఫ్ టైరెల్ 1916లో ఆయన రచనను ప్రచురించాకే లోకానికి థాంప్సన్ విలువ తెలిసింది. మాంట్రియల్‌లోని గుర్తు లేని సమాధిపై ఆ తరువాత స్మారకం వెలిసింది.