బంకించంద్రుడును యుగసంధులును

వంగసాహిత్య మహాపురుషుడైన బంకించంద్ర చట్టోపాధ్యాయుడు 1838 సం॥ జూన్ నెలలో కాంఠాలపాడ గ్రామమున జన్మించెను. కలకత్తా విశ్వవిద్యాలయమున 1858లో మొట్టమొదట బి. ఏ. పట్టమందిన యిరువురిలో నీయన యొకడు. ఆ యేటనే డిప్యూటీ మేజిస్ట్రేటు పదవి లభింపగా 1891 వఱకు దొరతనమువారి కొలువులోనే యుండెను. ఈ సంగతి చదువరులు మఱువరాదు.

నేను బడిలో పాఠములు చెప్పు దినములలో చరిత్రకథ నొకదానిని వ్రాయుడని బాలురకు జెప్పిన, పదుగురిలో తొమ్మండ్రు శ్రీకృష్ణదేవరాయల కొలువుకూటమునకే పరుగెత్తుచుండిరి. వైభవము కన్నుల కింపుగదా! బంకించంద్రుని మనస్సు మాత్రము తఱచుగా నొక రాజ్యము కూలి వేఱొకటి కుదురుకొనని సంధికాలములకే పోయెను. 1865లో వెలువడిన దుర్గేశనందినిలో పఠానులకును మొగలులకును జరిగిన పోరాటము గలదు. 1869 నాటి మృణాళినిలో లక్ష్మణసేనుని నవద్వీపము పతనమగును. పదునేడుగురు గుఱ్ఱపురౌతులు వంగదేశమును గెలిచిరను కథను ఆయన యెన్నడును నమ్మలేదు. వంగీయులకు దమ చరిత్రము తామై వ్రాసికొన్నది లేదని 1872లో తాను స్థాపించిన వంగదర్శన పత్రికయందు పలుమాఱు వాపోయెను. ఓటమినే మరల పరిశీలింప బూనుట కిదియే హేతువు.

ఇక నానందమఠము. ఇది 1882లో గ్రంథరూపము దాల్చెను. కథాకాలము 1770 నాటి ఘోరక్షామము. 1765లోనే దివానీ కంపెనీవారి చేజిక్కెను. పేరునకు నవాబు ప్రభువు, పన్ను కంపెనీది, చచ్చువారిని గాచు బాధ్యత యెవరిదియు గాదు. సన్న్యాసుల తిరుగుబాటున కింతకంటె తగిన కాల మేది? మఱియు నీ నవల వంగదర్శనమున ప్రకటితమగుట కారంభించినది 1881లో. అప్పటికి మన దత్తమండలములను మాడ్చిన ధాత కరవు (1876) ముగిసి కొలది యేండ్లే యయ్యెను. కొలువులోనున్నవాడు తననాటి కరవును గూర్చి బాహాటముగ వ్రాయజాలడు. నూఱేండ్లనాటి కరవును వ్రాయగలడు. ఇది నా యూహయే. అయినను తరువాతి ముద్రణములలో ఆంగ్లేయులను గూర్చిన కొన్ని మాటలను ఆయన మార్చుట దీనికి బలము చేకూర్చుచున్నది. నవాబు మీదికే దోషమును నెట్టెనని పిమ్మట కలిగిన యాక్షేపణ యందును కొంత న్యాయము లేకపోలేదు.

ఔరంగజేబు కాలపు రాజసింహ నవలను 1893లో మిక్కిలి పెంచి ప్రకటించెను. హిందువు లెల్లరు మంచివారనియు మహమ్మదీయు లెల్లరు చెడ్డవారనియు దలంపవలదని యందు స్పష్టముగ విన్నవించెను. తన నవలలలో చారిత్రకమన దగినది యిది యొక్కటియే యని చెప్పి, తక్కినవానికి ఆ పేరొల్లడయ్యె. మఱుసటి సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన కలకత్తాలో గతించెను.