మంగమ్మ నడిపిన పదహారేళ్ళు

మధుర రైల్వే జంక్షన్ బయటికొచ్చి రోడ్డు దాటితే మంగమ్మాళ్ సత్రం కనిపిస్తుంది. ఊర్లో అందరికీ ఆ పేరు తెలుసు. ఆమె తెలుగామె అని మాత్రం చాలామందికి తెలీదు. మన క్లాసులోనే సగం మందికి తెలీదని నా అనుమానం. మన సిలబస్‌లో దక్షిణాంధ్ర యుగం ఉంది. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు, రంగాజమ్మ అందరూ ఉన్నారు, మంగమ్మ లేదు. ఆమె కావ్యం రాయలేదు, రాజ్యం ఏలింది. కాబట్టి హిస్టరీ వాళ్ళకు వదిలేశాం. మా ఇంట్లో తెలుగూ తమిళమూ రెండూ మాట్లాడతాం, అయినా రాణి మంగమ్మాళ్ కథ నేను విన్నది తమిళంలోనే. విన్నది కూడా ఆమె ఎట్లా చచ్చిపోయిందనే గానీ, ఎట్లా ఏలిందని కాదు.

మంగమ్మ తండ్రి తుపాకుల లింగమ నాయకుడు, మధుర రాజు చొక్కనాథ నాయకుడి దగ్గర సేనాని. చొక్కనాథుడు 1659లో చిన్న వయసులో గద్దెనెక్కినాడు. తిరుమల నాయకుడి మనవడు. రాజధానిని మధుర నుంచి తిరుచ్చిరాపల్లికి మార్చింది ఇతనే. మంగమ్మ అతని భార్య అయింది.

ఇతని గురించి మనకు తెలియకుండానే మనం చదివేశాం. తంజావూరు విజయరాఘవ నాయకుడు కవి అని పరీక్షలో రాస్తాం కదా, ఆయన కూతుర్ని ఇమ్మని అడిగినవాడు చొక్కనాథుడే. విజయరాఘవుడు ఇయ్యనన్నాడు. 1673లో మధుర సైన్యం తంజావూరు మీద పడింది. ముసలి రాజు తన అంతఃపురంలోని ఆడవాళ్ళు శత్రువు చేతికి చిక్కకుండా మందుగుండుతో చనిపోయే ఏర్పాటు చేసి, తను కత్తి పట్టుకుని యుద్ధంలో చచ్చిపోయినాడు. రెండు తెలుగు రాజ్యాలు కొట్టుకున్నాయి. లాభం ఎవరికి? రెండు మూడేళ్ళలోనే శివాజీ తమ్ముడు వెంకోజీ వచ్చి తంజావూరు ఎత్తుకుపోయినాడు. ఇటు కొంగునాడు, అంటే మన కోయంబత్తూరు వైపు సీమ, మైసూరు వాళ్ళ చేతికి పోయింది. చివరికి మైసూరు సైన్యం తిరుచ్చినే ముట్టడించింది. 1682లో చొక్కనాథుడు చనిపోయేనాటికి రాజ్యం నాలుగు వైపులా చిరిగిపోయి ఉంది.

భర్త పోయినప్పుడు మంగమ్మ సహగమనం చేయలేదు. కొడుకు రంగకృష్ణ ముత్తువీరప్ప నాయకుడు ఇంకా చిన్నవాడు. ఆ అబ్బాయి ధైర్యవంతుడు, పోయిన సీమలో కొంత తిరిగి తెచ్చుకున్నాడు. ఏడేళ్ళే ఏలినాడు. 1689లో మశూచి సోకి చనిపోయినాడు. అప్పటికి అతని భార్య ముత్తమ్మ నిండు గర్భిణి. తనూ చితి ఎక్కుతానంటే ప్రసవం దాకా ఆగమని అత్త బతిమాలి ఆపింది. కొడుకు పుట్టినాడు. పుట్టిన కొన్నాళ్ళకే ముత్తమ్మ కూడా పోయింది. ఒకే ఏట కొడుకూ కోడలూ ఇద్దరూ లేరు. మిగిలింది నెలల పిల్లవాడు, విజయరంగ చొక్కనాథుడు. వాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి, వాడి పేరుతో మంగమ్మ పాలన మొదలుపెట్టింది.

ఆ సమయంలో దక్కను అంతా ఔరంగజేబు సైన్యాలే. మొగల్ సేనాని జుల్ఫికర్ ఖాన్ సెంజి కోటను ముట్టడించి కూర్చున్నాడు. లోపల శివాజీ కొడుకు రాజారాం ఉన్నాడు. ఆ ముట్టడి 1698 దాకా సాగింది. తిరుచ్చి నుంచి సెంజి ఎంత దూరమో బస్సులో పోయినవాళ్ళకు తెలుసు. మంగమ్మ మొగలులతో యుద్ధానికి పోలేదు. కప్పం కట్టింది, విలువైన కానుకలు పంపింది. పౌరుషం లేని పని అని కొందరు రాస్తారు. నాకట్లా అనిపించదు. భర్త పౌరుషం తంజావూర్లో ఏం చేసిందో ఆమె దగ్గరుండి చూసింది. పైగా కప్పం కట్టి ఊరుకోలేదు, మొగలుల సాయంతోనే తంజావూరు మరాఠాలు ఆక్రమించిన కొన్ని చోట్లు తిరిగి రాబట్టింది.

గెలవగలిగిన చోట మాత్రం సైన్యాన్ని పంపింది. తిరువాంకూరు రాజు కప్పం ఎగ్గొట్టి, అడగడానికి పోయిన మధుర సైన్యాన్ని దెబ్బతీసినప్పుడు 1697లో దళవాయి నరసప్పయ్యను పంపింది. దళవాయి అంటే సేనాని, మంత్రి రెండూ ఒకడే. నరసప్పయ్య బాకీలన్నీ వసూలు చేసుకుని వచ్చినాడు. 1700లో తంజావూరుతో తగాదా వచ్చింది. నరసప్పయ్య కొల్లిడం దాటి వాళ్ళ దేశంలోకే దూరినాడు. తంజావూరు మంత్రి బాలాజీ పండితుడు డబ్బు పోసి సంధి చేసుకున్నాడు.

నాకు అన్నింటికన్నా నచ్చిన సంగతి దీని తర్వాతి ఏడు జరిగింది. మైసూరు చిక్కదేవరాయలు కావేరికి అడ్డంగా కట్ట వేసినాడు. కింద తిరుచ్చికీ నీళ్ళు లేవు, తంజావూరుకీ లేవు. కిందటేడు కొట్టుకున్న ఇద్దరూ ఇప్పుడు కలిసి మైసూరు మీదికి పోవడానికి సిద్ధమైనారు. సైన్యాలు బయల్దేరేలోగా పైన పెద్ద వానలు కురిసి ఆ కట్ట కొట్టుకుపోయింది. యుద్ధం లేకుండానే నీళ్ళు వచ్చేశాయి. కావేరి తగాదా పేపర్లో చదివినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

ఆమె ఓడిపోయిన చోటు రామనాథపురం. 1702లో కిళవన్ సేతుపతి మీదికి సైన్యం పంపితే అది ఓడిపోయింది, నరసప్పయ్య అక్కడే చనిపోయినాడు. ఇన్నేళ్ళూ ఆమెకు కుడిభుజంగా ఉన్నవాడు. రామనాథపురం ఆ తర్వాత మధుర మాట వినలేదు.

యుద్ధాల సంగతి పుస్తకాల్లో ఉంది. జనం నోట్లో ఉన్నది రోడ్లూ సత్రాలూ. కన్యాకుమారి దాకా పోయే బాటకు రెండు వైపులా చెట్లు నాటించింది, బాటసారులకు బావులు, నీళ్ళ పందిళ్ళు, సత్రాలు కట్టించింది. ఇప్పటికీ తమిళ పల్లెల్లో పాత బాటను మంగమ్మాళ్ సాలై అనే అంటారు. తిరుచ్చిలో నత్తర్ వలీ దర్గాకు భూములిచ్చింది. రామనాథపురంలో 1693లో క్రైస్తవ ఫాదర్ జాన్ డి బ్రిట్టోను చంపించినారు. అదే కాలంలో ఆమె రాజ్యంలో ఫాదర్ బూషే చర్చి నడుపుకున్నాడు. మధుర పట్నూలు వాళ్ళు, అంటే మన సౌరాష్ట్ర వాళ్ళు, బ్రాహ్మణుల్లాగా ఉపాకర్మ చేసుకున్నారని ఇక్కడి అధికారి పట్టుకుంటే, తగవు ఆమె దాకా పోయింది. పండితులను విచారించమని చెప్పి, వాళ్ళకు ఆ హక్కు ఉందని ఆజ్ఞ ఇచ్చింది. మా వీధిలో సగం సౌరాష్ట్ర ఇళ్ళే.

ఇక జనం చెప్పే కథలు. ఒకసారి పరధ్యానంగా ఎడమచేత్తో తాంబూలం వేసుకుందట, ఆ పాపం పోవడానికే రోడ్లు వేయించిందట. తిరుమల నాయకుడు మహల్ కట్టినందుకు ఏ పాపానికి ప్రాయశ్చిత్తమని ఎవరూ అడగరు. రాణి బాట వేస్తే మాత్రం వెనక ఒక తప్పు ఉండి తీరాలి!

రెండో కథ చావు గురించి. మనవడు పెద్దవాడైనా అధికారం ఇవ్వలేదని, అచ్చయ్య అనే మంత్రితో సంబంధం ఉందని చెప్పి ఆమెను బంధించినారట. కంటికి కనపడేట్టు అన్నం పెట్టి, చేతికి అందకుండా చేసి, ఆకలితో చంపినారట. 1705, 1706 ప్రాంతంలో ఆమె పాలన ముగిసింది, ఆమె కూడా పోయింది. అచ్చయ్య సంబంధం గురించి నేను చదివిన ప్రతిచోటా పుకారు అనే ఉంది గానీ రుజువు లేదు. పదహారేళ్ళ మనవడికి రాజ్యం అప్పగించడానికి ఆమె వెనకాడి ఉంటే, అది అధికారం మీద ఆశ కావచ్చు, కాదనను. కానీ పెళ్ళయిన నాటి నుంచి కుర్ర రాజులు ఏం చేస్తారో చూసిన మనిషి కూడా కదా.

మనవడు 1732 దాకా ఏలినాడు. మనకు సంబంధించినవాడే: తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం రాసినాడు. శ్రీరంగం గుళ్ళో అతని దంతపు బొమ్మ ఉంది. గుళ్ళకు దానాలు చేస్తూ తిరిగినాడు, ఖజానా మంత్రుల చేతిలో పడింది. పిల్లలు లేరు. అతను పోయాక భార్య మీనాక్షి గద్దెనెక్కింది. ఆమెకు నరసప్పయ్యలాంటి దళవాయి లేడు, ఇంట్లోనే వారసత్వ తగాదా. సాయం చేస్తానని వచ్చిన చందాసాహెబు తిరుచ్చి కోటను తనే ఆక్రమించినాడు. మీనాక్షి విషం తాగింది. మధురలో నాయక రాజులు అంతటితో అయిపోయినారు.